తిరగేసిన లెన్సు కింద అరికాలు

తిరగేత చేతులు వణకవని ఆ వీధిలో పేరు. కుట్టుమిషన్ల మెకానిక్కుకు చేతులు వణికితే పూట గడవదు. సూదికీ, దాని వెనక తిరిగే హుక్కు మొనకూ మధ్య కాగితం దూరేంత సందు కూడా ఉండకూడదు. ఆ సందును కళ్ళు పట్టుకోలేవు, వేళ్ళే పట్టుకోవాలి. అలాంటి మనిషికి అక్క పాదం ముందు కెమెరా పట్టుకుని కూర్చుంటే మాత్రం మోచేతుల దాకా వణుకు పాకేది.

తిరగేత అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఏ మిషన్ వచ్చినా ముందు దాన్ని తలకిందులు చేసి పొట్ట చూసేవాడు కాబట్టి మొదట వచ్చింది. తర్వాత కెమెరా లెన్సును కూడా వెనకది ముందుకు తిప్పి బిగించేసరికి ఇక స్థిరపడిపోయింది. “తిరగేతన్నా, చొక్కా అయినా సరిగ్గా తొడుక్కున్నావా?” అని ఎదురు కొట్టువాడు రోజూ అడిగేవాడు. ఆయన రోజూ వంగి చూసుకునేవాడు.

లెన్సు తిప్పడం సరదా కోసం మొదలుపెట్టింది కాదు. దారం ఎందుకు తెగుతోందో చెబితే జనం నమ్మేవారు కాదు. హుక్కు మీద వెంట్రుకలో సగం ఉండే గీత దారాన్ని కోసేస్తోందంటే, కొత్త హుక్కు అమ్ముకోవడానికి చెబుతున్నాడనుకునేవారు. ఆ గీతను ఫొటో తీసి చూపిస్తే గొడవ ఉండదనిపించింది. దగ్గరి వస్తువులు తీసే మాక్రో లెన్సు ధర అడిగి, షాపువాడికి దణ్ణం పెట్టి మెట్లు దిగి వచ్చేశాడు. పాత సామాన్లవాడి దగ్గర దొరికిన జూమ్ లెన్సును ఒకరోజు కడుగుతూ, వెనక వైపు నుంచి దాన్ని వేలి మీద పెట్టి చూస్తే, వేలిముద్ర గీతలు తాళ్ళలా కనిపించాయి. పెద్ద దృశ్యాన్ని చిన్నదిగా కుదించేది లెన్సు. దాన్ని తిప్పి పెడితే చిన్నదాన్ని పెద్దది చేస్తుంది. ఆయనకు అర్థమైన శాస్త్రం అంతే. పని జరగడానికి అది చాలింది.

కెమెరా మూతి మూసే ప్లాస్టిక్ మూతకు నడిమధ్యలో గుండ్రంగా కోసి, ఆకురాయితో అంచు నున్నగా చేశాడు. పగిలిపోయిన ఫిల్టరు ఒకటి తెచ్చి, గాజు ముక్కలు దులిపి, మిగిలిన మరలున్న రింగును ఆ మూతకు, రెండు గొట్టాల్లోంచి తీసి కలిపే గట్టి జిగురుతో అతికించాడు. రింగుకు లెన్సు ముందు భాగం మర తిప్పినట్టు బిగుస్తుంది, మూత కెమెరాకు తగులుకుంటుంది. ఇప్పుడు లెన్సు వెనక భాగం లోకాన్ని చూస్తుంది. ఫ్లాషు వెలుగు మొహం మీద కొట్టినట్టు పడకుండా తెల్లటి డబ్బా మూత అడ్డం పెట్టాడు. ఈ అమరికలో ఫోకస్ చేయడానికి తిప్పేదేమీ ఉండదు. కెమెరానే ముందుకో వెనక్కో వెంట్రుకవాసి జరపాలి. అందుకు పాత మిషన్ బల్ల సొరుగు పట్టాలు రెండు పెట్టి దాని మీద జరిపేవాడు.

ఆ లెన్సుకు జూమ్ మార్చే తొడుగు ఒకటి ఉంది. చేత్తో ముందుకు తోస్తే ఒకలా, వెనక్కి లాగితే ఒకలా చూపిస్తుంది. వాడకంలో అది వదులైంది. “వెన్నలా జారుతోంది,” అని ఆయన మురిసిపోయాడు కూడా. ఊళ్ళో వాళ్ళ మిషన్లలో వదులైన ప్రతి మరనూ వెతికి బిగించే మనిషి, తన బల్ల మీద ఉన్న వదులును మెత్తదనం అనుకున్నాడు.

అక్క పక్క వీధిలో ఉంటుంది. దర్జీ. అమ్మ పోయాక తమ్ముణ్ణి తన మిషన్ పక్కనే కూర్చోబెట్టుకుని పెంచింది. స్క్రూడ్రైవరు పట్టుకోవడం ఆయన నేర్చుకున్నది ఆ మిషన్ మీదే. ఆయన ఎన్నిసార్లు మోటారు పెడతానన్నా ఒప్పుకోలేదు. “నా కాలు ఎంత తొక్కాలో నా కాలికి తెలుసు. మోటారుకేం తెలుసు?” అనేది.

ఆ కుడికాలి మడమకు కాస్త ముందు మచ్చ ఉన్నట్టు మొదట చూసింది మేనకోడలు. కొరియర్ ఆఫీసు నుంచి వచ్చి, తల్లి కాళ్ళు చాపుకుని గుండీలు కుడుతుంటే ఎదురుగా కూర్చుంది. ఆ సాయంత్రమే మావయ్యను పిలుచుకొచ్చింది.

“కమిలిందిలే. తొక్కీ తొక్కీ అలా అయింది,” అంది అక్క.

“కమిలితే తగ్గాలి కదమ్మా. ఎన్నాళ్ళైంది?”

“అరికాలు అద్దంలో చూసుకుంటూ కూర్చుంటానా నేను?”

“మావయ్యా, నువ్వు చెప్పు. నీ మాటైతే వింటుంది. చర్మం డాక్టరుకు చూపించాలి.”

“వాడేం చెబుతాడు? వాడు సూదులకు డాక్టరు.”

నవ్వుతూనే అంది గాని, ఆ నవ్వు వెనక ఏముందో తమ్ముడికి తెలుసు. అమ్మ ఆసుపత్రికి నడిచి వెళ్ళింది. నడిచి రాలేదు. అప్పటి నుంచి ఆసుపత్రి వీధిలోంచి వెళ్ళాల్సి వస్తే అక్క చుట్టు తిరిగి వెళ్ళేది.

చివరికి అక్కే ఒక ఒప్పందం పెట్టింది. తమ్ముడు ఆ తిరగేసిన లెన్సుతో మచ్చను ఫొటో తీయాలి. వానలు వెలిశాక మళ్ళీ తీయాలి. “పెరిగిందా, నోరు మూసుకుని మీ వెంట వస్తాను. పెరగలేదా, మీరిద్దరూ నోరు మూసుకోవాలి. ఇంకెప్పుడూ ఆ ఊసెత్తకూడదు.” కూతురికి నచ్చలేదు. అయినా తల్లి అంతమాత్రం దిగిరావడమే గొప్ప అనుకుని, వానల తర్వాతి వారానికి డాక్టరు దగ్గర ముందుగానే అపాయింట్‌మెంట్ తీసుకుంది.

మొదటి ఫొటోకు అక్క కుర్చీలో కూర్చుని కాలు ఎదురు స్టూలు మీద పెట్టింది. ఆయన నేల మీద కూర్చుని, కెమెరాను పట్టాల మీద పడుకోబెట్టి తీశాడు. తెర మీద చూసినప్పుడు ఒక్క క్షణం అది మనిషి చర్మమని మరిచిపోయాడు. అరికాలి గీతలు దున్నిన చాళ్ళలా వరసగా ఉన్నాయి. వాటి మీద మబ్బు నీడ పడినట్టు మచ్చ పైనుంచి కిందికి దాదాపు తెరంతా పరుచుకుంది. ఒక మూల లేత గోధుమ రంగు, ఇంకో మూల కాటుక నలుపు. అంచు ఒక తీరున లేదు. కత్తిరించి కుట్టకుండా వదిలేసిన గుడ్డలా పోగులు పోగులుగా ఉంది.

“ఎలా ఉంది?” అంది అక్క.

“పెద్దగా ఉంది. దేన్నైనా పెద్దగానే చూపిస్తుంది కదా ఇది.”

ఆ వానాకాలమంతా ఆయనకు మచ్చలే కనిపించాయి. బల్ల మీద నూనె చుక్క పడితే తుడవబోయి ఆగి, అంచు ఎటు పాకుతోందో చూసేవాడు. గోడకు నెమ్ము ఎక్కితే ఉదయం ఎక్కడుందో సాయంత్రం ఎక్కడికొచ్చిందో చూసేవాడు. అక్క ఇంటికి వెళితే ముందు ఆమె నడక చూసేవాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అక్క విసుక్కునేది. కందకు కూడా దురద ఉందని, పైకి చెప్పడం లేదని ఆయనకు అనుమానం. కాళ్ళు చాపుకుని కూర్చునే మనిషి ఇప్పుడు మడుచుకుని కూర్చుంటోంది.

రెండో ఫొటో నాటికి చలిగాలికి ఆమె మోకాలు పట్టేసింది. కాలు చాపి స్టూలు మీద నిలపలేకపోయింది. బట్టలు కత్తిరించే బల్ల మీద బోర్లా పడుకుంది. “గుడ్డ పరిచినట్టు పరుచుకున్నాను, కత్తిరించుకో,” అంది. ఆయన పట్టాలను నిలువు కడ్డీకి కట్టి, కెమెరాను పైనుంచి కిందికి వేలాడదీసి, మెల్లగా దించుతూ ఫోకస్ పట్టుకుని తీశాడు. తెర చూడటానికి ధైర్యం చాలక కెమెరాను విప్పి మేనకోడలు చేతికిచ్చాడు.

ఆ అమ్మాయి మొదటి ఫొటోను పక్కన పెట్టుకుని చూసింది. మళ్ళీ చూసింది. “తగ్గింది మావయ్యా.”

నిజంగానే మచ్చ తెరలో సగం ఎత్తు కూడా లేదు. చుట్టూ మంచి చర్మం బోలెడంత కనిపిస్తోంది. ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

“చూశారా,” అంది అక్క, బల్ల దిగకుండానే. “గోరంతను కొండంత చేసి ఇన్నాళ్ళూ నా ప్రాణం తోడేశారు. కమిలిందని చెప్పానా లేదా? లే, టీ పెట్టుకొస్తాను. ఒప్పందం గుర్తుంది కదా, నోళ్ళు.”

మేనకోడలు నోటి మీద వేలు పెట్టుకుని నవ్వింది. తల్లి ఎదురుగానే ఫోను చేసి అపాయింట్‌మెంట్ రద్దు చేసింది. ఆ రోజు అక్క కాళ్ళు చాపుకుని టీ తాగింది.

భయం మళ్ళీ వచ్చింది సూది రూపంలో. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఒకడు మిషన్ హుక్కు బాగుచేయించుకుని, సానపట్టక ముందూ తర్వాతా సూదితో కలిపి తీసిన ఫొటోలు తీసుకెళ్ళాడు. కొన్ని వారాలకు వాటిని పట్టుకుని వచ్చాడు.

“ఏమయ్యా, నా సూది మార్చేశావా?”

“సూది జోలికి వెళ్ళలేదు. హుక్కే సానబెట్టాను.”

“మరి ముందు ఫొటోలో లావుగా ఉంది, తర్వాతి ఫొటోలో సన్నగా ఉందేం? నేను లావు సూది ఇచ్చాను.”

“అదే సూదయ్యా. మీ మిషన్‌లోనే ఉంది, వెళ్ళి చూసుకోండి.”

“పోనీలే, దారం తెగట్లేదు. అది చాలు నాకు,” అని సూపర్‌వైజరు వెళ్ళిపోయాడు.

ఆయనకు చాల్లేదు. అదే సూది లావుగానూ సన్నగానూ ఎలా ఉంటుంది? మొదటిది కెమెరాను బల్ల మీద పడుకోబెట్టి తీశాడు. రెండోది కడ్డీకి వేలాడదీసి తీశాడు. సూది ఒకటి తీసి బల్ల మీద పెట్టి, కెమెరాను పైనుంచి దించి, చేయి తీసేసి కెమెరా వెనక ఉన్న చిన్న తెరలో చూస్తూ నిలుచున్నాడు.

సూది సన్నబడటం మొదలుపెట్టింది.

ఎవరూ ముట్టుకోలేదు. లెన్సు మీద తొడుగు తన బరువుకు తానే నత్తలా కిందికి దిగుతోంది. అది దిగుతున్నకొద్దీ బొమ్మ మసకబారుతోంది, చిన్నదవుతోంది. ఫోకస్ కోసం కెమెరాను జరుపుకుంటే మళ్ళీ స్పష్టంగానే కనిపిస్తుంది, చిన్నదిగా. చూసేవాడికి ఏ తేడా తెలియదు. తనకు తెలియలేదు కదా.

మిట్టమధ్యాహ్నం షట్టరు దించేశాడు. “ఏం తిరగేతన్నా, ఆరోగ్యం బాగాలేదా?” అని ఎదురు కొట్టువాడు అడిగితే వినిపించుకోలేదు.

కంప్యూటరులో రెండు ఫొటోలూ తెరిచాడు. కొలబద్ద ఏదీ లేదు వాటిలో. పెట్టాలని తోచనే లేదు. కాని చాళ్ళున్నాయి. అరికాలి గీతలు నెలల్లో పెరిగేవీ కావు, తరిగేవీ కావు. దగ్గరగా చూపించినా దూరంగా చూపించినా ఆ పాదం మీద ఉన్నవి ఉన్నన్నే. సూది మొన తెర మీద ఆనించి, మచ్చ ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా ఒక్కో గీతా దాటుతూ లెక్కపెట్టాడు. మొదటి ఫొటోలో పదహారు గీతల మీద మచ్చ ఉంది. రెండో దానిలో, చిన్నగా కనిపిస్తున్న దానిలో, ఇరవై రెండు. వేలు తప్పిందేమోనని మళ్ళీ లెక్కపెట్టాడు. ఇరవై రెండే.

తగ్గిందని చెప్పింది తన ఫొటో. ఆమె కాళ్ళు చాపుకుని టీ తాగింది ఆ ఫొటోను నమ్మి. ఈ వారాలన్నీ అది ఎన్ని గీతలు దాటి ఉంటుంది?

అక్క ఇంటి గుమ్మంలోకి వెళ్ళేసరికి లోపల మిషన్ చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు చిన్నప్పుడు ఆయనకు జోల. ఇప్పుడు ఒక్కో తొక్కుడూ ఆ మచ్చ మీద పడుతున్నట్టుంది.

“రా. ఏంటి, ఈ వేళప్పుడు? దారం అయిపోయిందా, టీ పొడి అయిపోయిందా?”

“అక్కా, కాలు తియ్యి.”

“కాలరు మధ్యలో ఉన్నానురా. ఈ కుట్టు కానీ.”

“కాలు తియ్యక్కా.”

ఆ గొంతు విని ఆమె ఆపింది. ఆయన ఏమని మొదలుపెట్టాలో తెలియక తొడుగు గురించి చెప్పాడు, కడ్డీ గురించి చెప్పాడు, సూపర్‌వైజరు సూది గురించి చెప్పాడు. పదహారు గీతలు ఇరవై రెండయ్యాయని చెప్పాడు. అచ్చు తీసి తెచ్చిన ఫొటోలు చూపించాడు. ఆమె వాటిని చూడలేదు. తన మెడలో వేలాడుతున్న టేపును చూసుకుంది.

“పాత టేపు సాగిపోతుంది,” అంది. “దానితో కొలిస్తే ఎంత లావు నడుమైనా తక్కువే చూపిస్తుంది. మనిషి చిక్కాడనుకుని బిగుతుగా కుట్టేస్తాం.” దాన్ని మెడలోంచి తీసింది. “సాగిన టేపుతో కొలిచావురా నన్ను.”

ఆయన ఫొటోలను బోర్లించి మిషన్ బల్ల మీద పెట్టాడు.

“నన్ను భయపెట్టావనుకో, ఓర్చుకునేదాన్ని. అలవాటైపోయింది. ధైర్యం చెప్పావు చూడు.” కాలరు కుట్టు పూర్తిచేసింది. ఎడమకాలితో తొక్కింది. దారం ముడివేసి తుంచింది. అంతసేపూ ఆయన నిలబడే ఉన్నాడు.

“దానికి ఫోను చెయ్యి,” అంది. తర్వాత మామూలు గొంతుతో, “తిరిగి నడిచే వస్తాను కదరా?” అంది.

వస్తావని చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. కాని ధైర్యం చెప్పే హక్కు తనకు పోయిందనిపించి, ఫోను తీశాడు.

మేనకోడలు ఫోనులో ఏడవలేదు, అరవలేదు. “నా చేత్తోనే రద్దు చేయించావు మావయ్యా,” అని మాత్రం అంది. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నప్పుడు తల్లికి అటుపక్క కూర్చుంది. మావయ్య వైపు చూడలేదు.

డాక్టరమ్మ చిన్న దీపం ఉన్న అద్దాన్ని మచ్చ మీద ఆనించి చాలాసేపు చూసింది. గోడ మీద ఫ్యాను కిర్రుమంటోంది. దాని మర వదులైందని ఆయన చెవికి తెలుస్తూనే ఉంది. ఫొటోలు ముందు పెడితే ఆమె రెండింటినీ పక్కపక్కన పట్టుకుంది.

“రెండూ ఒకేలా తీశారా?”

“లేదండి. తీశాననుకున్నాను.” గీతల సంగతి చెప్పాడు.

“పక్కన స్కేలు పెట్టి ఉండాల్సింది,” అంది. దెప్పినట్టు అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. “అయినా ఫొటో చూసి ఇంట్లో తేల్చుకునే మచ్చ కాదండి ఇది. ముక్క తీసి పరీక్షకు పంపుదాం.”

పరీక్ష ఫలితం వచ్చే దాకా ఆయన కొట్టు తెరిచేవాడు, మిషన్లు తిరగేసేవాడు, మళ్ళీ సరిగ్గా పెట్టేసేవాడు. ఏం చూశాడో గుర్తుండేది కాదు. ఎదురు కొట్టువాడు ఒకరోజు వచ్చి, “చొక్కా నిజంగానే తిరగేసి తొడుక్కున్నావన్నా,” అన్నాడు మెల్లగా. ఈసారి నవ్వలేదు.

ఫలితం చెప్పేటప్పుడు డాక్టరమ్మ అక్క చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకోవడంతోనే ముగ్గురికీ తెలిసిపోయింది. చెడ్డదే. “ఇప్పటికైతే పై పొరల్లోనే ఉన్నట్టుంది. చుట్టూ కాస్త మంచి చర్మం కూడా కలిపి తీసేద్దాం. ముందే వచ్చి ఉంటే ఇంత వెడల్పు తీయాల్సి వచ్చేది కాదు. ఇంకా ఆలస్యమై ఉంటే నేను ఇలా మాట్లాడేదాన్ని కాదు.”

“మళ్ళీ రాదుగా?” అంది మేనకోడలు.

“రాదని చెప్పలేనమ్మా. చూసుకుంటూ ఉండాలి. ఆ కాలూ, ఈ కాలూ, ఒళ్ళంతా.”

ఆపరేషన్ అయ్యాక అక్క ఇంటికి ఆటోలో వచ్చింది. గుమ్మం ముందు దిగి, కూతురి భుజం ఒక పక్కా, తమ్ముడి భుజం ఒక పక్కా పట్టుకుని, కట్టు కట్టిన కాలు నేల తాకకుండా కుంటుకుంటూ లోపలికి వచ్చింది. “దీన్ని నడవడమంటారా?” అని అడిగింది. “అంటారు,” అంది కూతురు. మావయ్య వైపు చూడకపోయినా, ఆ మాట ఆయనకు కూడా వినబడేలా అంది.

కాలు మానేలోగా ఆయన మిషన్‌కు మోటారు పెట్టాడు. ఈసారి అక్క అడ్డు చెప్పలేదు. అదే ఆయనను ఎక్కువ భయపెట్టింది. లెన్సు తొడుగును చివరి దాకా ముందుకు తోసి, చుట్టూ రెండు గొట్టాల జిగురు పోసి బిగించేశాడు. ఇక అది జూమ్ లెన్సు కాదు. ఎటు వంచినా, ఎంతసేపు వేలాడదీసినా ఒక్కలాగే చూస్తుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళే వాయిదాల మధ్య, ప్రతి నెలా, పొద్దుటి వెలుగులో అక్క కత్తిరించే బల్ల మీద బోర్లా పడుకుంటుంది. ఇప్పుడు ఇది ఒప్పందం కాదు, డాక్టరమ్మకు చూపించడానికి. మొదటిసారి అలా పడుకోబోయే ముందు కొత్త టేపు ఒకటి తెప్పించింది. చుట్ట విప్పి మొదటి కాస్త ముక్కను కత్తెరతో కత్తిరించింది. టేపును కత్తిరించే దర్జీ లోకంలో ఉండదు. గుడ్డ మీద తప్ప కత్తెర పెట్టనివ్వని మనిషి ఆమె. ఆ ముక్కను తమ్ముడి చేతిలో పెట్టి, “ఇది సాగలేదు. దీన్ని పక్కన పెట్టు,” అంది.

కుట్టు మానిన చోట చర్మం లేతగా, నున్నగా ఉంది. చాళ్ళు అక్కడ ఆగిపోయి, అవతల మళ్ళీ మొదలవుతాయి. దాని అంచున ఒక చిన్న గోధుమ చుక్క ఉంది. ఉందా, నీడా? ఆయన టేపు ముక్కను దాని పక్కన ఆనించి, కెమెరాను వెంట్రుకవాసి దించాడు. చేతులు వణుకుతున్నాయి. పట్టాలను పట్టుకుని, వణుకు ఆగేదాకా ఆగాడు.

“ఏం కనిపిస్తోంది?” అంది అక్క.

“ఆగక్కా. లెక్కపెడుతున్నాను.”

ఎప్పుడూ మాట ఆపని మనిషి, ఆయన లెక్క పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టి, బల్ల అంచు పట్టుకుని కదలకుండా పడుకుంది.